డప్పు, హార్మోనియం, గిటారు: చవక వాయిద్యాల చరిత్ర

మన సంగీత చరిత్ర గురించి వచ్చిన పుస్తకాలు తిరగేస్తే వీణకు ఒక అధ్యాయం ఉంటది. ఫిడేలుకు ఒకటి, మృదంగానికి ఒకటి ఉంటాయి. డప్పు సంగతి వచ్చేసరికి 'జానపద వాద్యాలు' అనే చివరి పేజీల్లో రెండు వాక్యాలు రాసి ముగించటమే ఎక్కువ. మాల, మాదిగ పల్లెల చర్చిల్లో మోగే హార్మోనియానికి, గిటారుకు ఆ చివరి పేజీల్లో కూడా చోటు దొరకదు. అవి శాస్త్రీయమూ కాదు, జానపదమూ కాదు గదా! గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలల్లో, మిరప తోటల్లో కూలి చేసుకునే జనం నూట యాభై ఏళ్ళుగా ఏ వాయిద్యాన్ని వదిలారు, దేన్ని పట్టుకున్నారు, ఎందుకు పట్టుకున్నారు అన్నది చరిత్రగా ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఆ లెక్క కొంతైనా తీయాలన్నది ఈ వ్యాసంలో మా ప్రయత్నం. గుంటూరు, ప్రకాశం అంటున్నప్పుడు 2022 ఏప్రిల్‌లో వాటి నుంచి విడిపోయిన పల్నాడు, బాపట్ల జిల్లాల ఊళ్ళను కూడా కలిపే అంటున్నాం.

ఈ పని ఇప్పుడెందుకు? పల్లెలో ఒక కుర్రవాడు చవక గిటారు కొనుక్కుంటే అతనికి రెండు వైపుల నుంచీ మాటలు పడతాయి. ఊళ్ళో పెద్దకులాల వాళ్ళు 'వీళ్ళకి గిటారొకటి తక్కువైంది' అంటారు. మన ఉద్యమాల్లో ఉన్నవాళ్ళలో కొందరు 'డప్పు వదిలి దొరల వాయిద్యం పట్టుకున్నాడు' అంటారు. అదే కుర్రవాడు డప్పు పట్టుకుంటే చర్చి పెద్దలు కొందరు 'మళ్ళీ ఆ పాత బతుకేనా' అని మొహం చిట్లిస్తారు. అంటే ఏది పట్టుకున్నా తప్పే. పనస చెక్క వీణ పట్టుకున్న పిల్లవాడిని ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అడిగే ప్రశ్నలోనే కులం ఉంది. దానికి జవాబు చరిత్రలో వెతకాలి.

ధర వేరు, విలువ వేరు

వీణ గొప్ప వాయిద్యం. అందులో మాకేమీ అనుమానం లేదు. కృష్ణా జిల్లా వైపు నూజివీడులో, ఉత్తరాంధ్రలో బొబ్బిలి దగ్గర వీణ చేసే కుటుంబాలు తరాల నుంచి ఉన్నాయి. పనస చెక్కను తొలిచి కుండ చేస్తారు. దండి మీద మైనం పరిచి అందులో ఇరవై నాలుగు మెట్లు నిలబెడతారు. పైన నాలుగు తీగెలు, పక్కన తాళానికి మూడు తీగెలు. ఇంత పని ఉంది కాబట్టి ఖరీదు ఎక్కువ. అది న్యాయమే.

మరి డప్పులో పని లేదా? చెక్కను గుండ్రంగా కట్టు కట్టాలి. తోలును నానబెట్టి, వెంట్రుక తీసి, పలచన చేసి, లాగి కట్టి ఆరబెట్టాలి. చింతగింజల బంకతో అతికించాలి. ఎంత లాగాలో, ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. గాలిలో తేమ ఉంటే తోలు సడలిపోతది, అందుకే వాయించే ముందు మంట మీద కాచాలి. ఎక్కువ కాస్తే పగులుతది, తక్కువ కాస్తే బొంగురుపోతది. ఎడమ చేతిలో సన్నటి సిటికెన పుల్ల, కుడి చేతిలో పొట్టి సిర్ర. ఈ రెండు పుల్లల మధ్య పలికే దరువులు పుస్తకాల్లో లేవు గనక శాస్త్రం కాదన్నారు. చేతిలో ఉన్న చదువును చదువు కాదనటం మనకు కొత్తేం కాదు.

'తోలు వాయిద్యం కాబట్టి తక్కువ' అనే వాదన ఒకటుంది. అదీ నిలబడదు. మృదంగం కొయ్య పనస. దాని మూతలకు ఆవు, గేదె, మేక తోళ్ళు మూడూ కావాలి. టి.ఎం. కృష్ణ 2020లో ప్రచురించిన 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకం మృదంగాలు చేసే కుటుంబాల చరిత్ర. వాళ్ళలో చాలామంది దళిత క్రైస్తవులు. పాలఘాట్ మణి అయ్యర్ లాంటి మహా విద్వాంసుడి నాదం వెనక పర్లాండు అనే పనివాడి చెయ్యి ఎంత ఉందో ఆ పుస్తకం చెప్తది. ఆ పుస్తకావిష్కరణకు ముందు ఒప్పుకున్న మద్రాసు కళాక్షేత్ర ఫౌండేషన్, తీరా దగ్గరకొచ్చాక హాలు ఇవ్వనన్నది. తోలు సభలో కూర్చోవచ్చు, తోలు తీసినవాడి పేరు మాత్రం సభలో వినపడగూడదన్నమాట.

'విదేశీ వాయిద్యం కాబట్టి మనది కాదు' అనేది ఇంకో వాదన. ఫిడేలు యూరపు నుంచి వచ్చింది. 19వ శతాబ్దం మొదట్లో బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడంటారు. ఇవాళ ఫిడేలు లేకుండా కచేరీ జరగదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ (1969-2014) మాండొలిన్ మీద త్యాగరాజ కీర్తనలు వాయిస్తే లోకమంతా విన్నది. అంటే పైనుంచి వచ్చిందా, బయటినుంచి వచ్చిందా, తోలుదా, తీగెదా అన్నది అసలు సంగతి కాదు. ఎవరు పట్టుకుంటే ఎక్కడ కూర్చోనిస్తారు అన్నదే సంగతి.

వాయించం అన్నవాళ్ళు

1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలు వచ్చాడు. అంతకుముందే తాళ్ళకొండపాడు మాదిగ, తోలు వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య కొత్త దేవుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరి ఉన్నాడు. మిషను వచ్చి మాదిగల్ని లేపింది అనే కథ సగమే నిజం. లేచి ఉన్న పేరయ్యే మిషనును పల్లెల్లోకి తీసుకుపోయాడు. ఆయన, భార్య నాగమ్మ ఊరూరా తిరిగి చెప్పారు.

క్రైస్తవులైన మాదిగలు కొన్ని నియమాలు పెట్టుకున్నారు. ఆదివారం పని చెయ్యం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం అన్నారు. వీటి వెంటే ఇంకో మాట వచ్చింది: ఊరి జాతరకు డప్పు కొట్టం. క్లౌ జ్ఞాపకాల్లో ఈ గొడవ కనిపిస్తది. ఊరి పెద్దలకు కోపం తెప్పించింది వీళ్ళు ఎవరికి ప్రార్థన చేస్తున్నారు అన్నది అంతగా కాదు. జాతర ముందర డప్పు మోగకపోవటం, గొడ్డు చస్తే లాగేవాడు లేకపోవటం వాళ్ళకు మింగుడు పడలేదు. బావి దగ్గర నీళ్ళు ఆపారు, పనిలోంచి తీసేశారు, కొట్టారు. అయినా జనం వెనక్కి పోలేదు. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మిషను పుస్తకాలు దీన్ని మత చరిత్రగా రాశాయి. మేం దీన్ని శ్రమ చరిత్రగా కూడా చదువుతున్నాం. అప్పటి డప్పు వెట్టి. చావుకు కొట్టాలి, పెళ్ళికి కొట్టాలి, జాతరకు కొట్టాలి, కరణం చాటింపు వెయ్యమంటే వెయ్యాలి. ఇచ్చేది కళ్ళంలో కొలిచే గింజలు, పెళ్ళిలో మిగిలిన కూడు. 'ఇవాళ నేను కొట్టను' అనే మాట ఆ వ్యవస్థలో లేదు. ఆ మాటను మొదటిసారి మూకుమ్మడిగా అన్నవాళ్ళు ఈ మాదిగలు. మా దృష్టిలో అది కళాకారుల సమ్మె.

ఇక్కడ ఒక పోలిక చెప్పుకోవాలి. 1739లో అమెరికాలో దక్షిణ కరోలినాలోని స్టోనో దగ్గర నల్ల బానిసలు డోళ్ళు కొట్టుకుంటూ తిరగబడ్డారు. మరుసటేడు, 1740లో, అక్కడి దొరలు బానిసలు డోలు వాడకూడదని చట్టం చేశారు. అక్కడ కొట్టగూడదన్నారు, ఇక్కడ కొట్టి తీరాలన్నారు. రెండు చోట్లా డోలు మీద పెత్తనం కొట్టే చేతిది కాదు.

ఆ సమ్మెకు ఒక నష్టం కూడా ఉంది, దాచిపెట్టటం దేనికి? వెట్టిని కాదనటం మెల్లగా డప్పునే కాదనటంగా మారింది. దయ్యాల వాయిద్యమనీ, పాత బతుకు గుర్తనీ చర్చి దాన్ని గుమ్మం బయట పెట్టింది. చేతుల్లో ఉన్న చదువు ఒక తరానికీ ఇంకో తరానికీ మధ్య చాలా ఇళ్ళలో తెగిపోయింది.

పాట నెత్తిన రాగం పేరు

డప్పు దించిన చేతులు ఊరికే లేవు. ఒంగోలు వైపు బాప్టిస్టు పల్లెల్లో ఎక్కువగా మాదిగలు, గుంటూరు వైపు లూథరన్ పల్లెల్లో ఎక్కువగా మాలలు కొత్త పాట నేర్చారు. 1842లో హయ్యర్ అయ్యగారు గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి లూథరన్ మిషను ఇక్కడ ఉంది.

ఇంగ్లీషు పాటను తెలుగు చేసి ఆ బాణీలోనే పాడించటం ఒక దారి. పురుషోత్తమ చౌదరి వేసింది ఇంకో దారి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన ఆయన 19వ శతాబ్దంలో తెలుగు నుడికారంలో కీర్తనలు కట్టాడు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిచి చూడండి. పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉంటాయి. మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా చట్టం ప్రకారమైనా గుడి తలుపు పూర్తిగా తెరుచుకోని జనం, తాటాకుల చర్చిలో కింద కూర్చుని ఆ రాగాలు పాడారు. అక్షరం రాని అమ్మలు చెవితో నేర్చుకుని కంఠతా పట్టారు. సభల్లో గొప్ప విద్యగా చలామణీ అయ్యే రాగం ఆదివారం పొద్దున్నే పల్లెలో ఉచితంగా వినపడింది. దీన్ని సంగీత చరిత్ర ఎందుకు రాయదు?

ఈ పాటకు తోడు వచ్చింది హార్మోనియం. 1840ల్లో పారిస్‌లో పుట్టిన పెట్టె అది. కాళ్ళతో తొక్కే ఆ పెట్టెను కింద కూర్చుని చేత్తో తిత్తి ఊదేలా మార్చినవాళ్ళు కలకత్తా పనివాళ్ళు. వీణ చేతికి రావాలంటే ఏళ్ళు పడతది, గురువు కావాలి, ఆ గురువు గడప ఎక్కనివ్వాలి. హార్మోనియం మెట్టు నొక్కితే స్వరం పలుకుతది. గురువు గడపతో పని లేదు. చర్చికి ఒకటి ఉంటే పది మంది పిల్లలు నేర్చుకుంటారు.

సరిగ్గా దీన్నే పెద్దలు తప్పు పట్టారు. గమకం పలకదు, స్వరం బిగుసుకుపోయి ఉంటది అని ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా, అంటే ముప్ఫై ఏళ్ళ పైన, ఆ నిషేధం సాగింది. గమకం సంగతి నిజమే. అయితే గమకం పలకనంత మాత్రాన దాని మీద పాడే మనిషి గొంతు గొంతు కాకుండా పోతదా?

రేడియో వద్దన్న ఆ ముప్ఫై ఏళ్ళూ గుంటూరు, ప్రకాశం ఊళ్ళలో పద్యనాటకం హార్మోనియం మీదే నడిచింది. గుంటూరు సీమ వాడైన బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన 'సత్యహరిశ్చంద్ర' ఆడని ఊరు లేదు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా శ్మశాన పద్యాలు ఆ నాటకం కాటి సీనులోకి వచ్చి చేరాయి. జాషువా పద్యమనే గొప్ప వాయిద్యాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ పద్యాన్ని ఊరూరా మోసింది రేడియో ముట్టుకోని చవక హార్మోనియం. తెల్లవార్లూ 'వన్స్ మోర్' కొట్టిన జనానికి ఈ రెండింటిలో ఏది పెద్దది, ఏది చిన్నది అన్న ఆలోచనే రాలేదు.

ఒకే పేరు, రెండు తంబురాలు

ఈ నేల మీద ఇంకో పనివాళ్ళ కులం సంగతి కూడా చెప్పుకోవాలి. పత్తి పండే చోట దూది ఏకేవాళ్ళుంటారు. విల్లు లాంటి పనిముట్టు నరాన్ని కొయ్యతో కొడుతూ దూది ఏకుతారు. ఆ నరం మోగుతది కూడా. దూదేకులు, పింజారులు అనే ఈ ముస్లింలు దళితులు కారు. అయితే ఊరు వాళ్ళనూ కూర్చోబెట్టి మర్యాద చేసింది లేదు.

1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఆ ఇంటివాడు. ప్రజానాట్యమండలి రోజుల్లో బుర్రకథను దేశమంతా వినేలా చేశాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో పోయాడు. ఆయన ఆత్మకథకు పెట్టుకున్న పేరు 'పింజారి'. తిట్టుగా వాడిన మాటను అట్ట మీద వేయించుకున్నాడు.

నాజర్ భుజం మీద ఉన్నది తంబురా. సభలో గాయకుడి వెనక నిలబెట్టేదీ తంబురాయే. పేరు ఒకటే, బతుకులు వేరు. సభ తంబురా కదలకుండా శ్రుతి ఇస్తది. బుర్రకథ తంబురా కథకుడితో పాటు గెంతుతది, తిరుగుతది. బొటన వేలి అందె దానితో కలిసి తాళం వేస్తది. పక్కన వంతల చేతుల్లో గుమ్మెటలు. ఒక వంత నవ్విస్తాడు, ఇంకో వంత రాజకీయం చెప్తాడు. శ్రుతి, తాళం, వార్త, హాస్యం అన్నీ ముగ్గురు మనుషులు మోసుకుపోగలిగిన సరంజామాలో ఉన్నాయి. పల్లెకు కావాల్సింది అదే.

మరోవైపు ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా ఉన్నాడు. చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నాదస్వరం నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయ్యాడు. ఒకే జిల్లాల నుంచి, ఒకే తరంలో, ఒక ముస్లిం చవక తంబురా పట్టుకుని ప్రజల్లోకి పోయాడు, ఇంకో ముస్లిం నాదస్వరం పట్టుకుని గుడి ముందుకు, సభకు పోయాడు. జనం ఇద్దరినీ విన్నారు. ఈ మైదానంలో వాయిద్యాల మధ్య గోడ వినేవాళ్ళు కట్టింది కాదు, పీట వేసేవాళ్ళు కట్టింది.

దండోరా అనే మాట

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. కాలువ నీళ్ళతో, వాణిజ్య పంటలతో డబ్బు చేసిన భూస్వామ్య కులాల అహంకారం అది. కారంచేడు దోషుల శిక్షలపై సుప్రీంకోర్టు తీర్పు రావటానికి 2008 దాకా పట్టింది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు కొట్టేసింది. ఈ రెండు ఊళ్ళూ ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నాయి.

కారంచేడు బాధితులు చీరాలలో శిబిరం వేసుకున్న రోజుల్లోంచి ఆంధ్రప్రదేశ్ దళిత మహాసభ పుట్టింది. ఆ సభల్లో, ఊరేగింపుల్లో డప్పు మళ్ళీ వినపడింది. ఈసారి కరణం కొట్టమన్నది కాదు. 1878లో దించిన చేతుల మనవళ్ళు, మునిమనవళ్ళు మళ్ళీ ఎత్తారు. తాతలు దించినందుకు గౌరవం దక్కింది, మనవళ్ళు ఎత్తినందుకూ గౌరవం దక్కింది. ఇందులో తికమక ఏమీ లేదు. రెండుసార్లూ నిర్ణయం కొట్టేవాళ్ళది.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి మొదలైంది. జనం దాన్ని 'దండోరా' అనే పిలిచారు. దండోరా అంటే ఊరి ఆజ్ఞను డప్పు కొట్టి చాటటం. తరతరాలుగా ఇతరుల మాటను చాటినవాళ్ళు ఇప్పుడు తమ మాటను చాటారు. వర్గీకరణ మీద దళితుల్లో భేదాలున్నాయి, వాటి చర్చ ఇక్కడ పెట్టుకోవటం లేదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు రాష్ట్రాలకు వర్గీకరణ అధికారం ఉందని తీర్పిచ్చింది. మాకు ఇక్కడ కావాల్సింది ఒక్కటే: వెట్టికి గుర్తయిన మాట, వెట్టికి గుర్తయిన వాయిద్యం, రెండూ హక్కుకు గుర్తుగా మారటం ఈ జిల్లాల్లో జరిగింది.

ఆరు తీగెల చవక గిటారు

ఇక గిటారు. స్పెయిన్ నుంచి లోకమంతా తిరిగి, గోవా వాద్యకారుల చేతుల మీదుగా సినిమా ఆర్కెస్ట్రాల్లో చేరి, అక్కణ్ణుంచి కాలేజీలకు, చర్చిలకు వచ్చింది. పల్లె కుర్రవాళ్ళ చేతుల్లోకి వచ్చింది ఖరీదైన గిటారు కాదు. కలకత్తాలో తయారయ్యే ప్లైవుడ్ గిటారు. అమెరికా గిబ్సన్ కంపెనీ పేరు గుర్తొచ్చేలా అక్కడ 'గివ్‌సన్' అనే గిటారు చేస్తారు. పేరు చూసి నవ్వేవాళ్ళు నవ్వుతారు. పాడేవాళ్ళు పాడుకుంటారు.

దాని లోపాలు దాచి పొగడటం మా ఉద్దేశం కాదు. నిండు చెక్క గిటారుకుండే లోతు ప్లైవుడ్‌కు రాదు. తీగెలు మెట్ల మీద ఎత్తుగా ఉంటాయి, గట్టిగా నొక్కాలి. ఎండిన పత్తికాయ పెచ్చులకు గీసుకుపోయిన వేళ్ళతో ఉక్కు తీగె నొక్కటం ఎట్లా ఉంటదో పత్తి తీసినవాళ్ళకే తెలుసు. సముద్రపు గాలికి తీగెలు తుప్పు పడతాయి. మరలు సడలి శ్రుతి జారుతది. అయినా ఒంగోలు ఎండకు నిండు చెక్క పగిలినట్టు ప్లైవుడ్ తేలిగ్గా పగలదు. కింద పెట్టినా, బస్సులో వేసినా భయం లేదు. రెండు మూడు పట్లు నేర్చుకుంటే ఒక పాటకు తోడు వస్తది. వాయిస్తూ పాడొచ్చు, నిలబడి పాడొచ్చు, నడుస్తూ పాడొచ్చు. ఒకడు నేర్చుకుంటే పక్కవాడు చూసి నేర్చుకుంటాడు.

రాగం పేరు అచ్చు వేసిన పాత కీర్తనకు గిటారు పట్లు అన్ని చోట్లా అతకవు. గమకం ఉన్నచోట పట్టు అడ్డం తగులుతది. దానికీ దారి ఉంది. షడ్జమం, పంచమం తీగెలు మాత్రం మీటుతూ పోతే గిటారే తంబురా అవుతది. అట్లా చేసినప్పుడు ప్లైవుడ్ పెట్టె మీద సభ తంబురా, బుర్రకథ తంబురా రెండూ కలిసి వినపడతాయి.

మనకు ముందే ఈ దారిన నడిచినవాళ్ళున్నారు. డోలు లాక్కోబడిన ఆ అమెరికా నల్లవాళ్ళ వారసులు, మిసిసిపీ పత్తి చేలల్లో పాలికి సేద్యం చేసిన పేదలు, సియర్స్ కంపెనీ కేటలాగులో కొద్ది డాలర్లకు దొరికే చవక గిటార్లు పోస్టులో తెప్పించుకున్నారు. ఆ గిటార్ల మీద బ్లూస్ పుట్టింది. ఇరవయ్యో శతాబ్దపు లోక సంగీతంలో సగం దాని పిల్లలే. పత్తి చేనుకూ చవక గిటారుకూ చుట్టరికం మన దగ్గర మొదలు కాలేదు.

దగ్గరి ఉదాహరణ కావాలంటే ఇళయరాజా. తమిళనాడు పణ్ణైపురంలో దళిత కుటుంబంలో పుట్టాడు. అన్న పావలర్ వరదరాజన్ కమ్యూనిస్టు సభల్లో పాడుతుంటే ఆయన వెంట హార్మోనియం పట్టుకుని ఊళ్ళు తిరిగాడు. మద్రాసు వచ్చి ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించాడు. లండన్ ట్రినిటీ కాలేజీ క్లాసికల్ గిటారు పరీక్షలో బంగారు పతకం తెచ్చుకున్నాడు. 'సాగర సంగమం' (1983), 'రుద్రవీణ' (1988) సినిమాలకు జాతీయ అవార్డులు తీసుకున్నాడు. ఆయన తనను కులంతో చెప్పుకోడు, అది ఆయన ఇష్టం. మేం చెప్పేది వాయిద్యాల సంగతి: చవక హార్మోనియం, గిటారు పట్టిన చేతులకు రాగం అందకుండా పోలేదు.

గిటారు, డప్పు ఒకచోట మోగితే ఎట్లా ఉంటది? క్రిస్మస్ మన దగ్గర పత్తి తీత రోజుల్లో వస్తది. చలి రాత్రి పాటల గుంపు బయల్దేరే ముందు ఒకళ్ళు మంట దగ్గర డప్పు కాచుకోవచ్చు, ఇంకొకళ్ళు మరలు తిప్పి తీగెలు సవరించుకోవచ్చు. రెండూ శ్రుతి చేసుకోవటమే. డప్పు వీధి చివర దాకా పిలుస్తది. గిటారు పక్కనున్న గొంతును పట్టుకుని నడిపిస్తది. ఒకటి చేసే పని ఇంకోటి చెయ్యదు. అందుకే రెండూ కావాలి. వాటి పక్కన వీణ ఉన్నా మాకు సంతోషమే. మన పిల్లలు వీణ నేర్చుకోవాలి, ఫిడేలు నేర్చుకోవాలి. గొప్ప వాయిద్యం గొప్పది కాదని రుజువు చేస్తేనే చవక వాయిద్యం నిలబడతదని మేం అనుకోవటం లేదు.

ఏం చెయ్యాలి?

మొదటిది: వాయించనని అనే హక్కు. జాతరకో, చావుకో డప్పు కొట్టి తీరాలని ఒత్తిడి చెయ్యటం వెట్టి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం దళితులతో వెట్టి చేయించటాన్ని నేరమన్నది. డప్పును కళగా పొగుడుతూ అదే నోటితో వెట్టిని 'ఆచారం' అనేవాళ్ళను నిలదీయాలి. ఈ హక్కు లేకుండా కళ గురించి మాట్లాడటం దగా.

రెండోది: వాయించే హక్కు, కడుపు నిండే హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలైంది. మంచిదే. కానీ పింఛను ముసలితనానికి, నేర్పటానికి కాదు. పెళ్ళిళ్ళలో డీజే పెట్టెలు వచ్చాక డప్పు మేళాలకు పిలుపులు తగ్గాయి. బళ్ళలో, కాలేజీల్లో డప్పు నేర్పే గురువుగా పల్లె మనిషికి జీతమిస్తే ఆ విద్య బతుకుతది.

మూడోది: మన ఇంటి సంగతి. డప్పును గుమ్మం బయట పెట్టిన చర్చి తలుపు తెరవాలి. పేరయ్య తరం డప్పు దించింది వెట్టి పోవటానికి, నాదం పోవటానికి కాదు. అట్లాగే ఉద్యమ మిత్రులు గిటారు పట్టిన కుర్రవాణ్ణి పరాయివాణ్ణి చెయ్యటం మానాలి. డప్పు మాదిగలది, కీర్తన మాలలది, గిటారు చదువుకున్నవాళ్ళది అని మనలో మనం గీసుకునే గీతలు కూడా ఎవరో నేర్పిన గీతలే.

నాలుగోది విద్యార్థులకు, ఉపాధ్యాయులకు. మీ పల్లెలో డప్పు కట్టిన చివరి మనిషి ఎవరు, దరువుల పేర్లేమిటి, చర్చికి మొదటి హార్మోనియం ఏ ఏడు వచ్చింది, ఎవరు చందా వేశారు, మొదటి గిటారు ఎవరు కొన్నారు, ఏ కూలి డబ్బుతో కొన్నారు అని అడిగి రాయండి. ఆ ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు, మిరపకాయలు కోసే చోట, చర్చి అరుగు మీద దొరుకుతారు. వాళ్ళతో వాయింపించి రికార్డు చెయ్యండి, దరువు పక్కన వాయించిన మనిషి పేరు రాయండి. మృదంగం చేసినవాళ్ళ పేర్లు పుస్తకంలోకి రావటానికి 2020 దాకా పట్టింది. మన డప్పు కట్టినవాళ్ళ పేర్లకు అంత కాలం పట్టనివ్వొద్దు.